క్రూకెడ్ రోడ్ (వర్జీనియా సంగీత మార్గం)

క్రూకెడ్ రోడ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వర్జీనియా రాష్ట్రపు నైరుతి భాగంలో ఉన్న ఒక సంగీత వారసత్వ మార్గం. ఇది తూర్పున రాకీ మౌంట్ పట్టణం వద్ద మొదలై, బ్లూ రిడ్జ్ పర్వతాలను, అపలాచియన్ లోయలను దాటుకుంటూ, పశ్చిమాన కెంటకీ సరిహద్దులోని బ్రేక్స్ వరకు సుమారు 330 మైళ్ళ (530 కిలోమీటర్ల) దూరం సాగుతుంది. ఇది కొత్తగా వేసిన రహదారి కాదు. పూర్వం నుండి ఉన్న కొండదారులనే ఒక వరుసలో కలిపి, వాటి వెంబడి కంట్రీ సంగీతంతో సంబంధమున్న ఊళ్ళను, దుకాణాలను, ప్రదర్శనశాలలను గుర్తించి 2004లో ఈ పేరు ఖాయం చేశారు. దారి పొడవునా మలుపులే కనుక వంకర దారి అనే అర్థం వచ్చే ఈ పేరు దీనికి సరిగ్గా అమరింది.

కంట్రీ సంగీతం అనగానే చాలామందికి గుర్తుకు వచ్చే నగరం టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్. అయితే ఆ సంగీతం వ్యాపారంగా నాష్‌విల్‌లో స్థిరపడక ముందే ఈ కొండ ప్రాంతపు రైతులు, నూలు మిల్లు కార్మికులు, బొగ్గు గని కార్మికులు పాడిన పాటలు గ్రామఫోను రికార్డులుగా దేశమంతా చేరాయి. క్రూకెడ్ రోడ్‌పై ప్రయాణించేవారు చూసేది ఆ తొలి దశకు చెందిన స్థలాలను.

ఏర్పాటు

నైరుతి వర్జీనియా చాలాకాలం పొగాకు సేద్యం, నూలు మిల్లులు, కర్రసామాను కర్మాగారాలు, బొగ్గు గనుల మీద ఆధారపడిన ప్రాంతం. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి దెబ్బతిన్నాయి. మిల్లులు మూతపడ్డాయి, గనులలో యంత్రాలు వచ్చి మనుషుల అవసరం తగ్గింది, చదువుకున్న యువకులు నగరాలకు తరలిపోయారు. ఈ పరిస్థితిలో 2003లో రాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ, సామాజికాభివృద్ధి శాఖలో పనిచేస్తున్న టాడ్ క్రిస్టెన్సెన్, జానపద సంగీత నిపుణుడు జో విల్సన్ ఒక ఆలోచన చేశారు. ఈ ఊళ్ళలో వారం వారం ఎలాగూ సంగీతం జరుగుతూనే ఉంది. దానిని వినడానికి బయటివారిని రప్పించగలిగితే ఊరి హోటలుకు, పెట్రోలు బంకుకు, వాద్యాలు చేసేవారికి నాలుగు డబ్బులు వస్తాయి. 2004లో వర్జీనియా శాసనసభ ఈ మార్గాన్ని అధికారికంగా గుర్తించింది. విల్సన్ 2006లో దీనికి ఒక మార్గదర్శక గ్రంథం రచించాడు. ఆయన 2015లో మరణించాడు.

మార్గాన్ని సూచించే ఫలకాలపై బాంజో బొమ్మ ఉంటుంది. దారిపక్కన అక్కడక్కడ సమాచార కేంద్రాలు నిలిపారు. వాటి వద్ద కారు ఆపి, రేడియోను సూచించిన ఎఫ్.ఎం. సంఖ్యకు తిప్పితే ఆ ఊరి సంగీతాన్ని గురించిన చిన్న ప్రసారం వినిపించేలా ఏర్పాటు చేశారు.

ఫిడేలు, బాంజో

ఈ ప్రాంతపు సంగీతానికి మూలస్తంభాలు రెండు వాద్యాలు. ఫిడేలు ఐరోపా నుండి, ముఖ్యంగా ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు నుండి వలస వచ్చినవారితో వచ్చింది. కర్ణాటక సంగీత కచేరీలలో వినిపించే వయొలిన్, ఈ ఫిడేలు ఒకే వాద్యం. పట్టుకునే తీరు, శ్రుతి చేసే పద్ధతి, వాయించే శైలి మాత్రమే వేరు. బాంజో కథ ఇందుకు భిన్నమైనది. సొరకాయ బుర్రకు చర్మం బిగించి, తంత్రులు కట్టి చేసే పశ్చిమాఫ్రికా వాద్యాలే దీనికి పూర్వరూపాలు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు ఆ జ్ఞానాన్ని వెంట తెచ్చుకుని అమెరికా ఖండంలో బాంజోను రూపొందించారు. 19వ శతాబ్దంలో తెల్లవారు దానిని నేర్చుకున్నారు. కొండజాతి తెల్లవారి సంగీతంగా నేడు చలామణీ అయ్యే దానిలో సగం ఆఫ్రికా సొత్తు అన్నమాట.

ఫిడేలు నాయకత్వంలో, నాట్యానికి అనువుగా, ఒకే వరుసను పదే పదే వాయించే పాత పద్ధతిని ఓల్డ్ టైమ్ సంగీతం అంటారు. 1940లలో బిల్ మన్రో బృందం రూపుదిద్దిన, వేగం ఎక్కువగా ఉండి ఒక్కొక్క వాద్యకారుడు వంతులవారీగా ప్రతిభ చూపే పద్ధతి బ్లూగ్రాస్. క్రూకెడ్ రోడ్ తూర్పు భాగంలో మొదటిది, పశ్చిమ భాగంలో రెండవది ఎక్కువగా వినిపిస్తాయి. అయితే ఈ విభజన కచ్చితమైనది కాదు.

రాకీ మౌంట్ నుండి ఫ్లాయిడ్ వరకు

మార్గం మొదలయ్యే ఫ్రాంక్లిన్ కౌంటీ దొంగసారాకు పేరుపడిన ప్రాంతం. ఇక్కడి ఫెర్రమ్ కళాశాలలోని బ్లూ రిడ్జ్ ఇన్‌స్టిట్యూట్‌లో కొండ ప్రాంతపు జానపద వస్తువులను, పాటల ధ్వనిముద్రణలను భద్రపరిచారు.

అక్కడి నుండి కొండ ఎక్కితే వచ్చే ఫ్లాయిడ్ చాలా చిన్న పట్టణం. కౌంటీ మొత్తానికి ఒకే ఒక ట్రాఫిక్ లైటు ఉన్నదని స్థానికులు కొంత గర్వంగానే చెప్పుకుంటారు. ఇక్కడి ఫ్లాయిడ్ కంట్రీ స్టోర్‌లో ప్రతి శుక్రవారం సాయంత్రం సంగీత సభ జరుగుతుంది. సంప్రదాయం ప్రకారం మొదట భక్తిగీతాలు పాడతారు. తరువాత నాట్యం మొదలవుతుంది. ఫ్లాట్‌ఫుటింగ్ అనే ఈ నాట్యంలో పాదాలను నేలకు దగ్గరగా ఉంచి, చెక్క నేలపై బూట్లతో తాళం వేస్తారు. బూట్ల చప్పుడు వాద్యాలతో సమానంగా వినిపిస్తుంది. లోపల చోటు చాలనివారు వేసవిలో వీధి అరుగుల మీద గుంపులుగా కూర్చుని వాయించుకుంటారు. వీరిలో చాలామందికి టికెట్టుతో గాని, ప్రేక్షకులతో గాని పని లేదు.

ఇదే ఊరిలో కౌంటీ సేల్స్ అనే రికార్డుల దుకాణం ఉంది. 1965లో న్యూయార్కులో టపా ద్వారా రికార్డులు అమ్మే సంస్థగా ప్రారంభమై 1974లో ఇక్కడికి మారిన ఈ సంస్థ, పెద్ద కంపెనీలు పట్టించుకోని ఓల్డ్ టైమ్, బ్లూగ్రాస్ రికార్డులను దూరదేశాల శ్రోతలకు కూడా చేర్చింది.

హిల్స్‌విల్

ఫ్లాయిడ్ నుండి గెలాక్స్‌కు వెళ్ళే దారిలో హిల్స్‌విల్ వస్తుంది. ఇక్కడి న్యాయస్థాన భవనంలో 1912 మార్చి 14న ఫ్లాయిడ్ ఆలెన్ అనే భూస్వామికి శిక్ష విధించగానే కాల్పులు చెలరేగి న్యాయమూర్తితో సహా అయిదుగురు మరణించారు. మరుసటి సంవత్సరం ఆలెన్‌ను, అతని కుమారుడు క్లాడ్‌ను విద్యుత్ కుర్చీలో మరణశిక్షకు గురిచేశారు. తప్పెవరిదన్న విషయమై కౌంటీ ప్రజలు తరాల తరబడి రెండు వర్గాలుగా చీలిపోయారు. ఈ ఘటనపై వెంటనే పాటలు పుట్టాయి. పత్రికలు అంతగా చేరని కొండలలో హత్యలు, రైలు ప్రమాదాలు, గని ప్రమాదాల వార్తలను మోసినవి ఇటువంటి కథాగేయాలే. తొలి కంట్రీ రికార్డులలో విషాద వార్తలు అంత ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

గెలాక్స్, ఫ్రైస్

గెలాక్స్ పట్టణానికి ఆ పేరు అక్కడి కొండలలో పెరిగే ఒక ఆకుపచ్చని మొక్క వల్ల వచ్చింది. 1935లో స్థానిక మూస్ లాడ్జి సభ్యులు తమ శాఖకు నిధుల కోసం, మరుగున పడుతున్న పాత వరుసలను నిలుపుకోవడం కోసం ఇక్కడ ఓల్డ్ ఫిడ్లర్స్ కన్వెన్షన్ అనే పోటీని ప్రారంభించారు. ఆగస్టు నెలలో ఫెల్ట్స్ పార్కులో జరిగే ఈ ఉత్సవం అమెరికాలోని ఈ రకపు పోటీలలో అతి పురాతనమైన వాటిలో ఒకటి. వేదికపై పోటీ కన్నా, పక్కనే వేసుకున్న గుడారాల మధ్య తెల్లవార్లూ సాగే గానమే అసలు ఉత్సవమని తరచుగా వచ్చేవారి అభిప్రాయం.

హిల్‌బిల్లీ అనే మాట సంగీతానికి అంటుకోవడంలోనూ ఈ ఊరికి పాత్ర ఉంది. గెలాక్స్‌లోని టోనీ ఆల్డర్‌మన్ మంగలి దుకాణంలో కలుసుకున్న కొందరు సంగీతకారులు, ఆల్ హాప్కిన్స్ నాయకత్వంలో 1925లో న్యూయార్కు వెళ్ళి రికార్డులు ఇచ్చారు. ఆ సందర్భంలోనే వారి బృందానికి హిల్ బిల్లీస్ అన్న పేరు పడింది. కొండవాడు, మొరటువాడు అన్న వెక్కిరింపు ఉన్న ఈ మాట తరువాత ఈ సంగీతానికంతటికీ వ్యాపార నామమైంది.

గెలాక్స్‌కు సమీపంలో న్యూ నది ఒడ్డున ఉన్న ఫ్రైస్, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో నూలు మిల్లు కోసం కట్టిన ఊరు. ఇళ్ళు, దుకాణం అన్నీ మిల్లు యాజమాన్యానివే. ఈ మిల్లు కార్మికుడైన హెన్రీ విట్టర్ 1923లో న్యూయార్కులో ఒకే కంపెనీ కోసం పాటలు రికార్డు చేశాడు. వాటిలో ఒకటి 1903లో వర్జీనియాలోని డాన్‌విల్ వద్ద పడిపోయిన 97వ నంబరు తపాలా రైలును గురించినది. విట్టర్ రికార్డును విని అదే పాటను వెర్నన్ డాల్హార్ట్ అనే వృత్తి గాయకుడు 1924లో మళ్ళీ పాడగా అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయిన తొలి కంట్రీ రికార్డుగా పేరు పొందింది. డబ్బు కనబడగానే పాట ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. రచన తనదేనంటూ డేవిడ్ గ్రేవ్స్ జార్జ్ అనే వర్జీనియావాసి రికార్డు కంపెనీపై ఏళ్ళ తరబడి దావా నడిపి, చివరకు ఓడిపోయాడు. అంతవరకు ఊరందరిదీ అయిన పాటకు హక్కుదారు అనేవాడు అవసరమైన కాలం అది.

విట్టర్ రికార్డు విని, ఇంతకన్నా తాను బాగా పాడగలనని అనుకున్న మరొక స్థానికుడు ఎర్నెస్ట్ స్టోన్‌మన్. వడ్రంగి పనిచేసే ఇతడు 1924లో రికార్డింగు మొదలుపెట్టి, ఆ దశాబ్దంలో పేరున్న గాయకుడయ్యాడు. ఫ్రైస్ మిల్లు 1989లో మూతపడింది.

గెలాక్స్ దగ్గరే బ్లూ రిడ్జ్ పార్క్‌వే 213వ మైలురాయి వద్ద బ్లూ రిడ్జ్ మ్యూజిక్ సెంటర్ ఉంది. ఫిడేలు, బాంజోల కలయికను వివరించే ప్రదర్శన, ఆరుబయలు రంగస్థలం ఇక్కడి ముఖ్య ఆకర్షణలు.

వైట్‌టాప్ పర్వతం

గెలాక్స్ నుండి పశ్చిమంగా 58వ నంబరు రహదారి పట్టుకుంటే రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన పర్వతాల మధ్యకు చేరుకుంటారు. రగ్బీ అనే కుగ్రామంలో తపాలా బట్వాడా ఉద్యోగం చేస్తూ గిటార్లు తయారుచేసిన వేన్ హెండర్సన్ ఈ ప్రాంతపు వాడే. ఇంగ్లీషు గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ అంతటివాడు కూడా ఈయన గిటారు కోసం సంవత్సరాల తరబడి వేచి ఉన్నాడు. హెండర్సన్‌కు 1995లో జాతీయ వారసత్వ పురస్కారం లభించింది.

వైట్‌టాప్ పర్వతంపై 1931 నుండి 1939 వరకు ఒక జానపద ఉత్సవం జరిగింది. 1933లో అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ స్వయంగా హాజరు కావడంతో దీనికి దేశవ్యాప్త ప్రచారం వచ్చింది. అయితే ఈ ఉత్సవ చరిత్రలో విస్మరించరాని అంశం ఒకటి ఉంది. నిర్వాహకులలో ముఖ్యుడైన సంగీతకర్త జాన్ పావెల్, శ్వేతజాతి స్వచ్ఛతను ప్రచారం చేసిన ఆంగ్లో శాక్సన్ క్లబ్బుల వ్యవస్థాపకుడు. జాత్యంతర వివాహాలను నిషేధించిన 1924 నాటి వర్జీనియా చట్టం కోసం పాటుపడినవాడు. కొండ సంగీతం కల్తీలేని ఇంగ్లీషు వారసత్వమని ఆయన వాదన. అందువల్ల ఆ వేదికపైకి ఆఫ్రికన్ అమెరికన్ సంగీతకారులను రానీయలేదు. బాంజోను వేదికపై ఉంచి, బాంజోను ఇచ్చినవారిని బయట నిలబెట్టారు. ఆ వివాహ చట్టాన్ని 1967లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

రికార్డు కంపెనీలు చేసిన పని కూడా దాదాపు ఇటువంటిదే. 1920లలో ఒకే ప్రాంతపు సంగీతాన్ని తెల్లవారికి హిల్‌బిల్లీ అని, నల్లవారికి రేస్ రికార్డులు అని రెండు జాబితాలుగా విడదీసి అమ్మాయి. ఈ విభజన అమ్మకం కోసం చేసినదే అయినా, శ్రోతల మనసులలో అది చరిత్రగా స్థిరపడిపోయింది.

బ్రిస్టల్

బ్రిస్టల్ రెండు రాష్ట్రాలలో ఉన్న ఊరు. నడిబొడ్డున ఉన్న స్టేట్ స్ట్రీట్ వీధికి ఒక పక్క వర్జీనియా, మరొక పక్క టెనెస్సీ. 1927 జూలై 25 నుండి ఆగస్టు 5 వరకు విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ ఈ వీధిలో టెనెస్సీ వైపున ఉన్న ఒక టోపీల కంపెనీ భవనంలో తాత్కాలిక స్టూడియో ఏర్పాటు చేశాడు. అప్పటికి మైక్రోఫోనుతో విద్యుత్ ధ్వనిముద్రణ కొత్తగా వచ్చింది. బాకాలోకి గొంతు చించుకుని పాడనవసరం లేకుండా, మెల్లని గొంతును, గిటారు మీటును స్పష్టంగా పట్టగలిగింది ఈ పద్ధతే.

మొదట స్టోన్‌మన్ బృందం రికార్డు చేసింది. అంతకుముందు సంవత్సరం స్టోన్‌మన్‌కు రికార్డుల వల్ల 3,600 డాలర్లు వచ్చాయని స్థానిక పత్రిక వ్రాయగానే, కొండల నుండి గాయకులు బారులు తీరారు. మొత్తం 19 మంది కళాకారులు, బృందాలు కలిసి 76 పాటలు రికార్డు చేశారు. ఆగస్టు 1, 2 తేదీలలో కార్టర్ ఫ్యామిలీ, 4వ తేదీన జిమ్మీ రోజర్స్ పాడారు. రోజర్స్ తన బృందంతో వచ్చి, రికార్డింగుకు ముందురోజు వారితో తగాదా పడి, చివరకు ఒంటరిగా రెండు పాటలు పాడాడు. క్షయరోగి అయిన ఇతడు 1933లో 35 ఏళ్ళ వయసులోనే మరణించినా, అప్పటికే కంట్రీ సంగీతంలో తొలి తారగా వెలుగొందాడు.

ఈ పన్నెండు రోజులలో ఎల్ వాట్సన్ అనే ఆఫ్రికన్ అమెరికన్ మౌత్ ఆర్గాన్ వాద్యకారుడు కూడా రికార్డు చేశాడు. అతనికి గిటారు సహకారం అందించినవాడు తెల్లవాడైన చార్లెస్ జాన్సన్. జాన్సన్ సోదరుల పాటలకు వాట్సన్ బోన్స్ అనే తాళవాద్యం వాయించాడు. స్టూడియో గదిలో కలిసి వాయించినవారి రికార్డులు బజారులో వేరు వేరు జాబితాలలోకి చేరాయి.

పీర్ గాయకులకు పాటకు 50 డాలర్ల చొప్పున చెల్లించి, పాటల ప్రచురణ హక్కులను తన సంస్థ ద్వారా నడిపాడు. కనుక అదివరకు ఎవరూ హక్కు నమోదు చేయని పాటలే ఆయనకు కావలసి వచ్చాయి. గాయకులు పాత పాటలను వెదికి, మార్చి, తమ పేరుతో నమోదు చేయడానికి ఇది దారితీసింది.

ఆ టోపీల భవనం ఇప్పుడు లేదు. 1998లో అమెరికా కాంగ్రెస్ బ్రిస్టల్‌ను కంట్రీ సంగీతపు జన్మస్థలంగా గుర్తించింది. 1923 నుండే రికార్డులు వచ్చినందువల్ల ఈ బిరుదును అక్షరాలా తీసుకోవడం కష్టం. 2014 ఆగస్టు 1న, అనగా కార్టర్ ఫ్యామిలీ తొలిసారి పాడిన 87 ఏళ్ళకు సరిగ్గా అదే రోజున, వర్జీనియా వైపున బర్త్‌ప్లేస్ ఆఫ్ కంట్రీ మ్యూజిక్ మ్యూజియం ప్రారంభమైంది.

కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్

బ్రిస్టల్‌కు పశ్చిమంగా, క్లించ్ పర్వత పాదంలోని పూర్ వ్యాలీ అనే లోయలో మేసెస్ స్ప్రింగ్ ఉంది. పేద లోయ అనే అర్థం వచ్చే పేరు అక్కడి సారం లేని నేలను బట్టి పడింది. ఎ.పి. కార్టర్ (1891–1960), ఆయన భార్య సారా (1898–1979), సారాకు చెల్లెలి వరుస, ఎ.పి.కి మరదలు అయిన మేబెల్ (1909–1978) ఈ లోయ వారే. నిండు గర్భిణి అయిన మేబెల్‌ను, చంటిబిడ్డతో ఉన్న సారాను వెంటబెట్టుకుని ఎ.పి. ఆనాటి మట్టిరోడ్లపై కారులో బ్రిస్టల్ చేరుకున్నాడు. బొటనవేలితో కింది తంత్రులపై పాట వరుసను పలికిస్తూ, పై తంత్రులపై తాళం వేసే మేబెల్ పద్ధతి తరువాతి తరాల గిటారు వాద్యకారులకు పాఠమైంది.

ఎ.పి. పాటల కోసం ఊరూరా తిరిగేవాడు. ఆయనకు తోడుగా వెళ్ళినవాడు లెస్లీ రిడిల్ అనే ఆఫ్రికన్ అమెరికన్ గిటారు వాద్యకారుడు. సిమెంటు కర్మాగారంలో ప్రమాదం వల్ల ఒక కాలు పోగొట్టుకున్న రిడిల్‌కు ఏకసంథాగ్రాహి అనదగిన జ్ఞాపకశక్తి ఉండేది. ఎ.పి. పాట మాటలు వ్రాసుకుంటే రిడిల్ వరుసను మనసులో పట్టుకుని ఇంటికి వచ్చి సారా, మేబెల్‌లకు వినిపించేవాడు. తన పాటలు కూడా కొన్ని నేర్పాడు. హక్కులు మాత్రం ఎ.పి. పేరున నమోదయ్యాయి. రిడిల్ పేరు దశాబ్దాల తరువాత పరిశోధకులు వెలికితీసే వరకు శ్రోతలకు తెలియలేదు.

1943లో బృందం విడిపోయాక ఎ.పి. లోయకు తిరిగివచ్చి ఒక చిన్న కిరాణా దుకాణం నడిపాడు. తన సంగీతాన్ని నిలబెట్టమని ఆయన కోరిన కోరికను కుమార్తె జానెట్ (1923–2006) గుర్తుపెట్టుకుంది. 1974లో ఆ దుకాణంలోనే శనివారపు సభలు ప్రారంభించింది. జనం పట్టకపోవడంతో 1976లో పక్కనే కొండవాలులో చెక్కతో పెద్ద సభాశాల నిర్మించారు. ఇదే కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్. ఇక్కడ విద్యుత్ వాద్యాలు వాయించకూడదు. మద్యం నిషేధం. దుకాణం ఇప్పుడు మ్యూజియం. ఎ.పి. పుట్టిన దుంగల గుడిసెను కూడా విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు.

మేబెల్ కుమార్తె జూన్‌ను వివాహమాడిన గాయకుడు జానీ క్యాష్ తన చివరి బహిరంగ ప్రదర్శనను 2003 జూలై 5న ఈ సభాశాలలోనే ఇచ్చాడు. జూన్ అంతకు రెండు నెలల క్రితం మరణించింది. క్యాష్ అదే సంవత్సరం సెప్టెంబరులో కన్నుమూశాడు. సమీపంలోని మౌంట్ వెర్నన్ చర్చి శ్మశానంలో ఎ.పి., సారాల సమాధి రాళ్ళపై గ్రామఫోను రికార్డు బొమ్మలు కనిపిస్తాయి. వారు విడాకులు తీసుకున్న దంపతులు; సమాధులు మాత్రం ఒకే శ్మశానంలో ఉన్నాయి.

బొగ్గు ప్రాంతం

ఇక్కడి నుండి ఉత్తరంగా మార్గం బొగ్గు గనుల నేలలోకి ప్రవేశిస్తుంది. నార్టన్ ప్రాంతపు వాడైన డాక్ బాగ్స్ (1898–1971) పన్నెండేళ్ళ వయసులో గని పనికి వెళ్ళాడు. నల్లజాతి వాద్యకారులను చూసి, వారి పద్ధతిని మనసులో నిలుపుకుని బాంజో నేర్చుకున్నాడు. 1927లో న్యూయార్కులో ఎనిమిది పాటలు రికార్డు చేసినా, ఆర్థిక మాంద్యం వల్ల, పాటలు పాపమన్న భార్య అభ్యంతరం వల్ల బాంజోను తాకట్టు పెట్టి గనికే తిరిగివెళ్ళాడు. 1963లో మైక్ సీగర్ వెదుక్కుంటూ వచ్చేసరికి ఆయన పదవీవిరమణ చేసిన గని కార్మికుడు. బాంజోను మళ్ళీ చేతపట్టి ఆ ఏడాదే న్యూపోర్ట్ జానపదోత్సవంలో పాడాడు.

డికెన్సన్ కౌంటీలోని క్లింట్‌వుడ్‌లో 2004లో రాల్ఫ్ స్టాన్లీ మ్యూజియం ప్రారంభమైంది. రాల్ఫ్ (1927–2016), ఆయన అన్న కార్టర్ స్టాన్లీ (1925–1966) 1946లో బృందం కట్టి, బ్రిస్టల్ రేడియోలో మధ్యాహ్నపు కార్యక్రమం ద్వారా కొండ ప్రజలకు చేరువయ్యారు. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' చలనచిత్రంలో వాద్యసహకారం లేకుండా రాల్ఫ్ పాడిన మృత్యుగీతానికి 2002లో గ్రామీ పురస్కారం లభించింది. అప్పటికి ఆయన వయసు 75 సంవత్సరాలు. క్రూకెడ్ రోడ్ ఏర్పడిన సమయంలో ఈ సంగీతం వైపు నగరవాసుల దృష్టి మళ్ళడానికి ఆ చిత్రం చాలావరకు తోడ్పడింది.

ప్రయాణ విశేషాలు

మ్యాపులో దూరం తక్కువగా కనిపించినా, మలుపుల వల్ల మొత్తం మార్గానికి కనీసం నాలుగైదు రోజులు కేటాయించడం మంచిది. సభలు వారంలో నిర్ణీత రోజులలోనే జరుగుతాయి కనుక శుక్రవారం ఫ్లాయిడ్‌లో, శనివారం కార్టర్ ఫోల్డ్‌లో ఉండేలా చూసుకోవాలి. మిగిలిన రోజులలో వెళితే చూడగలిగేది భవనాలను మాత్రమే. 2024 సెప్టెంబరులో వచ్చిన హెలీన్ తుఫాను డమాస్కస్ పట్టణానికి తూర్పున 58వ నంబరు రహదారిని కొంత మేర కొట్టుకుపోయేలా చేయడంతో వాహనాలను వేరే దారులకు మళ్ళించారు. కనుక ఆ భాగానికి వెళ్ళేముందు రహదారి పరిస్థితిని విచారించుకోవాలి. మార్గం చివర బ్రేక్స్ ఇంటర్‌స్టేట్ పార్కు ఉంది. 1954లో వర్జీనియా, కెంటకీ రాష్ట్రాలు ఉమ్మడిగా ఏర్పాటు చేసిన ఈ ఉద్యానవనంలో రస్సెల్ ఫోర్క్ నది కోసిన లోయ 1,600 అడుగులకు పైగా లోతు ఉంటుంది.